యుగాంతమున శత్రుప్రణయము: హిడింబావృత్తాంత విమర్శ

మహాభారతమున హిడింబావృత్తాంతము చిన్న ఉపాఖ్యానము. మన తరగతులలో దానికి లభించు చోటు అంతకంటెను చిన్నది. లాక్షాగృహదహనమునకును బకవధకును నడుమ భీమసేనుని బాహుబలమును ప్రకటించు ఘట్టముగా దానిని చెప్పి ముందునకు సాగుట వాడుక. అందు అద్భుతరసమును, కొంత హాస్యమును చూచి తృప్తి చెందుటయు కలదు. ఈ చదువు చాలదని మా అభిప్రాయము. జన్మచేత నరులకు శత్రువైన రాక్షసి ఒక నరుని ప్రేమించుట, ఆ ప్రేమఫలమైన పుత్రుడు యుగము ముగియు వేళ రణభూమిలో కూలుట, ఆ మరణమును చూచి ఒకరు ఆనందించుట, వేరొకరు విలపించుట, ఇవి యన్నియు ఒకే కథకు అంగములు. విడదీసి చదివినచో హిడింబ వినోదపాత్రముగా మిగులును. కలిపి చదివినచో భారతధర్మమునే ప్రశ్నించు పాత్రముగా నిలుచును. ఈ రెండవ చదువునకు గల ఆధారములను చూపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మొదట యుగాంతమను మాటను నిర్ణయించుకొందము. ఇది పురాణములు చెప్పు మహాప్రళయము కాదు. కురుక్షేత్రసంగ్రామము ద్వాపరకలియుగముల సంధియందు శమంతపంచకమున జరిగినదని ఆదిపర్వారంభముననే చెప్పబడినది. శ్రోత ప్రధానకథలో అడుగిడకముందే, ఇది ఒక లోకము ముగియు కథ యని ఎరిగియుండును. 18 అక్షౌహిణుల సేన 18 దినములలో నశించుట, 36వ ఏట యాదవులు పరస్పరము చంపుకొనుట, కృష్ణనిర్యాణముతో కలి ప్రవేశించుట, ఇవి ఆ అంతమునకు మెట్లు. యుద్ధపర్వములలో ప్రళయాగ్ని, ప్రళయమేఘము, కాలాంతకుడు అను ఉపమానములు మాటిమాటికి వచ్చుట కవులకు గల అలంకారాభ్యాసము మాత్రమే కాదు. కథాకాలమును అవి మనకు గుర్తుచేయుచుండును. కావున ఆదిపర్వమున నాటిన విత్తనమును యుద్ధపర్వములలోని పంటతో కలిపియే చూడవలసియున్నది.

కథ అందరికిని తెలిసినదే యైనను, విమర్శకు అవసరమైనంత వరకు స్మరింతము. పాండవులు లక్కయింటినుండి బిలమార్గమున వెలువడి, గంగను దాటి, ఘోరారణ్యమును ప్రవేశించిరి. తల్లియు సోదరులును అలసి నిద్రింపగా భీముడొక్కడు మేల్కొని కావలి యుండెను. హిడింబుడను రాక్షసుడు నరుల వాసన పసిగట్టి, వారిని చంపి తెమ్మని తన చెల్లెలిని పంపెను. ఆమె భీముని చూచి వలచెను. ఇచ్చట మనము ఒకింత ఆగి ఆలోచింపవలెను. పాండవులను సజీవముగా దహింపజూచినవాడు వారి పెదతండ్రి కుమారుడు. వారిని కాపాడజూచినది వారిని ఆహారముగా తెచ్చుటకై వచ్చిన రాక్షసి. రక్తబంధువు శత్రువైన వెంటనే జన్మశత్రువు బంధువగుట ఈ కథాసంవిధానములోని మర్మము. యుగాంతమును తెచ్చిపెట్టినది రాక్షసులు కారు, దాయాదులు. ఈ సత్యమునకు తొలి సూచన హిడింబావనముననే కలదు.

హిడింబ కామరూపిణి. సుందరమైన మానుషాకృతిని దాల్చి భీముని సమీపించెను. ఇది మాయ. కాని మాటలలో ఆమె మాయ చూపలేదు. తానెవరో, తన్ను పంపినదెవరో, ఏ కార్యమునకు పంపెనో దాచక చెప్పెను. తన మనస్సునందలి కోరికను దాచలేదు. కుంతి మేల్కొని నీవెవరవని అడిగినపుడును ఉన్నదున్నట్లు నివేదించెను. మాఱువేషము శరీరమునకే గాని వాక్కునకు లేదు. పాండవుల స్థితి ఇందుకు విలోమము. శరీరములు తమవే యైనను, తాము అగ్నిలో మరణించితిమని లోకము నమ్మియుండగా ఆ నమ్మకమును చెడనీయక వారు సంచరింపవలసియుండెను. ఏకచక్రపురమున బ్రాహ్మణవేషముతో భిక్షాటనము చేయు దినములు ముందున్నవి. సత్యము పలుకునది రాక్షసి, సత్యమును దాచవలసినవారు ధర్మపరులు. వ్యాసుడు దీనిని వ్యాఖ్యానింపక కథలోనే నిలిపినాడు.

హిడింబను శూర్పణఖతో పోల్చుట కలదు. ఇరువురును రాక్షసవీరుల సోదరీమణులు, ఇరువురును అరణ్యమున నరుని చూచి మోహించినవారు. భేదము ముఖ్యము. శూర్పణఖ తన కోరికకు అడ్డమని తలచి సీతపై పడెను. హిడింబ కుంతి పాదములను ఆశ్రయించెను. భీముడు తల్లిని, సోదరులను విడిచి రాననగా ఆమె వారినందఱిని మోసికొనిపోయెదనని పలికెను. ఒకతె కోరిక నరుని కుటుంబమునుండి వేఱు చేయజూచినది. వేఱొకతె కోరిక ఆ కుటుంబమున ప్రవేశింపజూచినది. అయినను ప్రవేశము ఎంతవరకు లభించినది?

ఈ ప్రశ్నకు సమాధానము హిడింబాసురవధానంతరము జరిగిన సంభాషణమున దొరకును. రాక్షసులు వైరమును మరవరనియు, మోహినీమాయను పన్నుదురనియు, కావున అన్న పోయిన దారినే పొమ్మనియు భీముడామెతో పలికెను. ధర్మరాజు స్త్రీవధ తగదని వారించెను. ఆమె కుంతిని ప్రార్థించిన పిమ్మట నిబంధనలు ఏర్పడినవి. పగలు ఆమె భీమునితో విహరింపవచ్చును, రాత్రివేళ అతనిని మరల సోదరులకడకు చేర్పవలెను. ఇది ధర్మరాజు విధించినది. పుత్రుడు జనించువఱకే ఆమెతో నుందునని భీముడు మఱియొకటి చేర్చెను. శాస్త్రపరిభాషలో దీనిని సమయ మందురు. ఈ సమయమునందలి నియమములన్నియు ఒక పక్షమువారు విధించినవే. రాత్రి రాక్షసులకు బలము హెచ్చు కాలము. ఆ కాలమును ఆమెకు ఈయకుండుటలో, ప్రేమను అంగీకరించుచునే శత్రువును శత్రువుగా ఎంచు జాగరూకత కానవచ్చుచున్నది. హిడింబ చేసిన వాగ్దానము సేవయొక్కటే. ఆ వాగ్దానమును ఆమె తప్పలేదు.

ఆలంకారికదృష్టితో చూచినచో ఒక చిక్కు ఎదురగును. ఉభయనిష్ఠము కాని రతిని, అధమపాత్రగతమైన రతిని సాహిత్యదర్పణకారుడు శృంగారాభాసమున చేర్చినాడు. హిడింబ వలపు ఏకపక్షముగా పుట్టినది, ఆమె జాతిచేత రాక్షసి. కావున ఇది రసము కాదు, రసాభాసమే యని త్రోసివేయవచ్చునా? మేము అంగీకరింపము. ఆభాసమునకు మూలము అనౌచిత్యము. హిడింబయందు అనౌచిత్యము ఎక్కడ? ఆమె తన ప్రాణమును, తన కులమును, తన అన్నను ఒడ్డి వలచినది. వలచిన పిమ్మట వంచింపలేదు, విడిచిపొమ్మన్న దినమున ఎదిరింపలేదు. స్థాయి ఆమెయందు స్థిరముగా నున్నది. అవధి గలది, లెక్క గలది భీముని రతి. ఆభాసమను మాట వాడియే తీరవలసినచో అది నాయికకుగాక నాయకునకే అన్వయించునని మా నిశ్చయము. లక్షణమును లక్ష్యమునకు అన్వయించునపుడు పాత్రముయొక్క జాతిని కాక ప్రవర్తనను చూడవలెనని ఈ ఘట్టము మనకు నేర్పుచున్నది.

ఘటోత్కచుడు పుట్టినాడు. పుట్టినవెంటనే యౌవనమును పొందినాడు. సమయము ముగిసినదని హిడింబ తన దారిని తాను వెడలిపోయెను. ఔత్తరాహపాఠమున కుంతి మనుమనితో పలికిన మాటయొకటి కలదు. నీవు కురుకులమున పుట్టినవాడవు, ఐదుగురకును జ్యేష్ఠపుత్రుడవు, కావున సాయపడుము అని దాని తాత్పర్యము. ఆ ప్రకరణముననే, కర్ణునియొద్దనుండు శక్త్యాయుధము కారణముగా ఇంద్రుడు ఇతనిని సృజించెనను వాక్యమును కలదు. బంధుత్వమును ప్రయోజనమును ఇచ్చట ప్రక్కప్రక్కనే నిలిచినవి. జ్యేష్ఠపుత్రుడను గౌరవము వెంటనే సాయపడుమను ఆజ్ఞతో ముడిపడినది. బిడ్డ కనులు తెఱచిన దినముననే అతని మృత్యువు ఎవరికి ఉపకరింపవలెనో నిర్ణయమైపోయినది.

అతడు సాయపడినాడు. తలచినపుడెల్ల వచ్చెదనని చెప్పినమాట నిలుపుకొన్నాడు. గంధమాదనపర్వతమార్గమున ద్రౌపది మూర్ఛిల్లినపుడు ఆమెను మోసికొనిపోయినవాడు అతడే. తల్లి చేసిన వాగ్దానమును పుత్రుడు తీర్చుచున్నాడు.

యుద్ధమున 14వ దినము సైంధవుడు కూలిన పిమ్మట రాత్రియు పోరు సాగినది. దివిటీల వెలుగున జరిగిన ఆ పోరు యుద్ధనియమములు సడలిపోయిన ఘట్టము. పగలు మాత్రమే పోరాడవలెనను కట్టుబాటు పోగానే రాత్రించరునకు ప్రాముఖ్యము వచ్చినది. ఏ రాత్రిని పాండవులు హిడింబకు ఈయక నిషేధించిరో ఆ రాత్రియందే ఆమె పుత్రుడు వారికి అక్కఱకు వచ్చెను. ఆ సమయమున అలాయుధుడను రాక్షసుడు దుర్యోధనుని చేరి, భీముడు హిడింబ బక కిర్మీరులను తన బంధువులను చంపెననియు, కన్యయైన హిడింబను పరాభవించెననియు చెప్పి యుద్ధమునకు అనుమతి కోరెను. ఈ మాట మిక్కిలి గమనార్హము. మనము ప్రణయమని చదివినదానిని రాక్షసపక్షము మానభంగమని జ్ఞాపకముంచుకొన్నది. ఒకే సంఘటనకు ఇరుపక్షములలో రెండు చరిత్రలు కలవు. తన తల్లి పరాభవమునకు ప్రతీకారమని వచ్చిన అలాయుధుని ఘటోత్కచుడే చంపెను. తల్లి అన్నను విడిచినట్లే కొడుకు తల్లివైపు బంధుకోటిని విడిచినాడు. శత్రుపక్షమునుండి వచ్చినవారు తమ విశ్వాసమును ప్రతి తరమునను మరల ఋజువు చేసికొనవలసియుండెను.

అటుపిమ్మట కర్ణుడు అర్జునునికై దాచుకొన్న శక్తిని ఘటోత్కచునిపై విడిచెను. చనిపోవుచు అతడు దేహమును పెంచి కౌరవసేనపై కూలి ఒక అక్షౌహిణిని నలిపివైచెను. మరణమును గూడ సేవగా మార్చినాడు. పాండవులు కన్నీరు విడుచుచుండగా కృష్ణుడు హర్షించెను. అర్జునుడు కారణమడుగగా, శక్తి వ్యర్థమైనదనియు, నీవు బ్రతికితివనియు చెప్పెను. అంతటితో నిలువక, కర్ణుడు చంపకుండినచో తానే ఇతనిని చంపవలసివచ్చెడిదనియు, ఇతడు బ్రాహ్మణద్వేషి, యజ్ఞద్వేషి యనియు, పాండవుల ప్రీతికొఱకే ఇంతకుముందు చంపలేదనియు పలికెను. సేవ ముగిసినంతనే బంధువు మరల రాక్షసుడైనాడు.

ఈ వాక్యముతో చర్చ ముగిసినదని చెప్పువారు కలరు. ఘటోత్కచుని జన్మమే శక్తికొఱకు, దైవము తన కార్యమును నెఱవేర్చుకొన్నది, ఇందు విలపింపదగినది లేదని వారి వాదము. ఈ వాదమునకు మూలమున బలము కలదని ఒప్పుకొనవలెను. ఆదిపర్వవాక్యమును ద్రోణపర్వవాక్యమును పరస్పరము సరిపోవుచున్నవి. కాని కథ అచ్చట ఆగలేదు. కృష్ణుడు కారణమును వివరించిన పిమ్మటనే ధర్మరాజు శోకము వచ్చినది. అతడు అరణ్యవాసకాలమున ఘటోత్కచుడు చేసిన ఉపకారములను తలచుకొని, సహదేవునిపై తనకు సహజముగా గల ప్రీతికి రెండింతల ప్రీతి ఇతనిపై కలదని చెప్పెను. కోపముతో తానే కర్ణునిపైకి కదలెను. వ్యాసుడు వచ్చి, అర్జునుడు దక్కుట భాగ్యమని చెప్పి నిలుపవలసివచ్చెను. అర్జునుడు దక్కెనను మాట ఓదార్పు కాగలదు గాని, మృతుడు ద్వేష్యుడను మాటకు సమర్థన కాదు. కృష్ణుని తీర్పే తుదితీర్పని కవి భావించినచో ఈ శోకమును అనంతరము నిలుపడు. రాజనీతి చెప్పిన మాట ఒకటి, హృదయము చెప్పిన మాట ఒకటి. రెండింటిని కొట్టివేయక నిలుపుట వ్యాసుని పద్ధతి.

ఇక హిడింబ ఎక్కడ? అభిమన్యుడు 13వ దినమున మరణించెను. సుభద్ర విలపించినది, ద్రౌపదియు ఉత్తరయు విలపించిరి, అర్జునుడు ప్రతిజ్ఞ పట్టినాడు. మఱునాటి రాత్రి ఘటోత్కచుడు మరణించెను. అతని తల్లి మాట లేదు. గాంధారి రణభూమిని చూచి కోడండ్రను పేరుపేరున చూపు స్త్రీపర్వమునను హిడింబ రాలేదు. మృతులకు దహనసంస్కారము జరిపిన పట్టికయందు మాత్రము ఘటోత్కచుని పేరు కలదు. దాని వెంటనే బకుని సోదరుని ప్రస్తావన కలదు. జీవించియుండగా ఇరుపక్షముల నిలిచిన రాక్షసులను చితి ఒకచోట చేర్చినది. ఇదే మౌనమును కథారంభమునను చూడవచ్చును. లక్కయింటిలో తన ఐదుగురు కొడుకులతో కాలిపోయిన నిషాదస్త్రీకై ఎవరును ఏడువలేదు. ఆ ఆఱు శవములను చూచియే లోకము పాండవులు మృతులైరని నమ్మినది. కుంతి ఐదుగురు పుత్రులు ఆ యింటినుండి బ్రతికి వచ్చుటకు ఒక తల్లియు, యుద్ధమున అర్జునుడు బ్రతుకుటకు ఇంకొక తల్లియు మూల్యము చెల్లించినారు.

ఆంధ్రమహాభారతమున ఈ కథకు మఱియొక విశేషము కలదు. 11వ శతాబ్దమున నన్నయభట్టు ఆదిపర్వమున హిడింబాప్రణయమును తెలిగించెను. 13వ శతాబ్దమున తిక్కనసోమయాజి ద్రోణపర్వమున ఘటోత్కచవధను తెలిగించెను. రాజమహేంద్రవరమున మొదలైన ప్రేమకథ రెండు శతాబ్దుల పిమ్మట నెల్లూరిసీమలో ముగిసినది. జననమును వ్రాసిన కలము మరణమును వ్రాయలేదు. మనము నన్నయను ప్రసన్నకథాశైలికొఱకును తిక్కనను నాటకీయతకొఱకును వేర్వేఱుగా బోధించుటచేత ఈ విభాగము మఱింత గట్టిపడినది. ప్రణయమును ఒక కవి పాఠముగా, వధను వేఱొక కవి పాఠముగా చదివిన విద్యార్థికి ఈ రెండును కారణకార్యములని తోచు అవకాశము తక్కువ.

మూలములోని మౌనమును పూర్వులును గుర్తించినట్లున్నది. 1912లో గణపతిశాస్త్రి తిరువనంతపురమునుండి ప్రకటింపనారంభించిన, భాసకృతములని ప్రసిద్ధి చెందిన నాటకములలో మధ్యమవ్యాయోగ మొకటి. అందు హిడింబ తన భర్తను మరల చూచుటకై కొడుకుచేత ఒక ఉపాయము నడిపించును. సమయము ముగిసినను ప్రేమ ముగియలేదని ఆ కవి భావము. మన తెలుగువారు వేఱొక దారి పట్టిరి. వ్యాసభారతమున లేని శశిరేఖాపరిణయకథను ఆదరించి, ఘటోత్కచుని పెండ్లియింటికి తెచ్చుకొన్నారు. సురభి నాటకసమాజములు ప్రదర్శించిన మాయాబజారును, 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన మాయాబజార్ చిత్రమును ఇందుకు సాక్ష్యము. ఆ చిత్రమున ఎస్. వి. రంగారావు ఘటోత్కచుడుగా, సూర్యకాంతము హిడింబగా నటించిరి. ఆ కథ పెండ్లితో ముగియును, యుద్ధమువఱకు పోదు. హిడింబకు బంధుత్వము పూర్తిగా దక్కిన చోటు యుగాంతమునకు ఇవతలనే. హిమాచలప్రదేశమున మనాలియందు 1553లో నిర్మింపబడిన దేవాలయమున ఆమె దేవతగా పూజలందుకొనుచున్నది. కావ్యము ఈయని స్థానమును ప్రజలు ఇచ్చినారు.

నేటి ఆంగ్లకల్పనాసాహిత్యమున ఇట్టి ఇతివృత్తము బహుళముగా వ్యాపించినది. 2011లో సూసన్ ఈ అను అమెరికా రచయిత్రి ప్రకటించిన ఏంజెల్‌ఫాల్ అను నవలయందు దేవదూతలే లోకమును ధ్వంసము చేయుదురు. అపహరింపబడిన చెల్లెలిని వెదకు 17 ఏండ్ల బాలిక, తన వారిచేతనే రెక్కలు తెగిన ఒక దేవదూత, ఆ శిథిలములలో కలసి నడతురు. ఈ కథకును హిడింబాకథకును సామ్యము సులభముగా కానవచ్చును. కావలసినది భేదము. ఆ నవలలో లోకనాశము ముందు వచ్చును, ప్రేమ అందు దొరకిన ఆశ్రయము. భారతమున ప్రేమ ముందు వచ్చును, లోకనాశము దాని ఋణమును వసూలు చేయును. శత్రువుతో ప్రేమ సాధ్యమా యని ఆ నవల ప్రశ్నించుచుండగా, సాధ్యమైన ప్రేమకు మూల్యము ఎవరు చెల్లించినారని భారతము ప్రశ్నించుచున్నది. ఈ రెండవ ప్రశ్న కఠినతరమైనది.

మహాభారతమున అంగిరసము శాంతమని ఆనందవర్ధనుడు నిర్ణయించెను. వృష్ణిపాండవుల విరసావసానము వైరాగ్యమును కలిగించునని ఆయన హేతువు. ఆ విరసతకు కారణములు యుద్ధానంతరశిథిలములయందే కాక, విజయమునకు సోపానములైన ఉపకారములయందును కలవని మా విన్నపము. హిడింబ లేని స్త్రీపర్వము, హిడింబ విలపించు స్త్రీపర్వముకంటె శాంతరసమునకు ఎక్కువ పోషకము. ఆమె శోకము వర్ణింపబడినచో కరుణరసముగా పండి అచ్చటనే తీరిపోయెడిది. వర్ణింపబడకపోవుటచేత అది తీరక పాండవుల విజయముపై నీడగా నిలిచినది.

కావున ఆదిపర్వమున హిడింబాఘట్టమును బోధించు ఉపాధ్యాయులు ద్రోణపర్వమున ఘటోత్కచవధను గూడ అదే వారమున చదివింపవలెనని మా సూచన. కృష్ణుని హర్షమును, ధర్మరాజు శోకమును, అలాయుధుని ఆరోపణను ఒకచోట చేర్చి చూచిన విద్యార్థికి నన్నయ తిక్కనలు తమ తమ ఘట్టములలో మూలమును ఎచ్చట అనుసరించిరో, ఎచ్చట సంగ్రహించిరో, ఆ సంగ్రహములో ఏ స్వరము తగ్గినదో పరిశీలింపవలెనను కోరిక తప్పక కలుగును. ఆ పరిశీలనము ఒక సిద్ధాంతవ్యాసమునకు చాలినంత విషయము. అది జరుగువఱకు హిడింబను మన సాహిత్యచరిత్రలు ఒక అద్భుతఘట్టముగానే లెక్కించుచుండును.